పిలుపుల్లోంచి కారే రహస్యం: బాల్యం, కుటుంబ రహస్యాల మీద కథ రాసేవారికి సమగ్ర మార్గదర్శి

ఒక కుటుంబం ఏళ్ళ తరబడి దాచుకున్న విషయాన్ని పిల్లవాడి కళ్ళతో చెప్పాలనుకునే కొత్త రచయితలు చాలామంది అటక మీది ట్రంకు పెట్టెతో కథ మొదలుపెడతారు. పెట్టెలో రంగు వెలిసిన ఉత్తరం ఉంటుంది, ఆ ఉత్తరంలో రహస్యం ఉంటుంది, పిల్లవాడు దాన్ని చదువుతాడు, కథ అక్కడికి అయిపోతుంది. రచయిత చేయవలసిన పనంతా ఆ ఉత్తరమే చేసేయడం ఇందులో ఉన్న చిక్కు. నిజానికి మన ఇళ్ళలో ఇటువంటి విషయాలు కాగితాల మీదికి ఎక్కడం తక్కువ. ఎవరిని ఎవరు ఏమని పిలుస్తారు, ఎవరి గురించి మాట్లాడేటప్పుడు పేరు తప్పించి 'అది' అంటారు, ఎవరిని 'మీరు' అని ఎవరిని 'నువ్వు' అని అంటారు అన్న వాటిలోంచే అవి కొద్దికొద్దిగా కారుతూ ఉంటాయి. తెలుగులో రాసేవారికి భాష ఇచ్చిన ఈ సౌకర్యాన్ని వాడుకోకుండా పెట్టెల వెంటా తాళంచెవుల వెంటా పడటం నాకు వృథా అనిపిస్తుంది. ఈ మార్గదర్శి మొత్తం ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

ప్రతి అడుగునూ చేసి చూపడానికి ఒక కల్పిత కథను వెంట తీసుకువెళ్తాను. కాలం 1977, స్థలం కృష్ణా డెల్టాలో కాలువగట్టున ఉన్న ఒక ఊరు. సుజాతకు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి చదువుతున్నది. నాన్న సుబ్బారావు, అమ్మ కమల, నాయనమ్మ ఆ ఇంట్లో ఉంటారు. నాన్నకు చెల్లెలు విశాలాక్షి. ఆమె పశ్చిమ గోదావరి జిల్లాలోని అత్తవారి ఊళ్ళో ఉంటూ, పద్నాలుగేళ్ళ కొడుకు మూర్తిని వెంటబెట్టుకుని ఏడాదికి రెండు మూడుసార్లు పుట్టింటికి వస్తుంది. సుజాత ఆమెను 'అత్తయ్యా' అని పిలుస్తుంది. దాచిన విషయం ఏమిటంటే, సుజాతను కన్నది విశాలాక్షి. భర్త 1967లో పోయేనాటికి ఆమె గర్భవతి. పుట్టింట్లో పురుడు పోసుకుంది, బిడ్డ దక్కలేదని అత్తవారికి కబురు వెళ్ళింది, పిల్లలు లేని అన్నావదినలు ఆ బిడ్డను తమ బిడ్డగా పెంచుకున్నారు.

మొదటి అడుగు: రహస్యానికి రోజూ పని కల్పించండి

ఒక్కసారి జరిగిపోయి, ఆ తరువాత ఎవరూ తలచుకోనక్కరలేని విషయం కథకు పనికిరాదు. ఎప్పుడో జరిగిన దొంగతనాన్ని దాచడానికి నోరు మూసుకుంటే సరిపోతుంది. ఒక పిల్ల పుట్టుకను దాచాలంటే మాత్రం ఇంట్లోవాళ్ళు రోజూ ఏదో ఒకటి చేయాలి. ఒక పేరు పలకకుండా చూసుకోవాలి, ఒక ప్రశ్నకు అందరూ ఒకే సమాధానం చెప్పాలి, ఒక బంధువు ఎన్ని రోజులు ఉండవచ్చో లెక్క పెట్టుకోవాలి. పిల్లలకు కనబడేది ఈ పనే. కారణం తెలియకపోయినా పని కనబడుతుంది కాబట్టి బాల్యం మీద రాసే కథకు ఇటువంటి రహస్యమే సరిపోతుంది.

ఎంచుకున్న రహస్యాన్ని ఇలా పరీక్షించండి. అది బయటపడితే ఎవరికి ఏమి పోతుందో ఒక్కొక్కరి పేరూ రాసి, ఎదురుగా ఒక్కొక్క వాక్యం రాయండి. సుజాత కథకు మొదటిసారి ఈ జాబితా రాసినప్పుడు అందరి పేర్ల ఎదుటా ప్రేమే కనిపించింది. పిల్లను 'పుట్టకముందే తండ్రిని మింగింది' అని లోకం అనకూడదని నాయనమ్మ, కడుపు పండలేదన్న బాధ తీరిందని కమల, అన్న ఇల్లు నిలబడాలని విశాలాక్షి. కథ చప్పగా ఉంది. ప్రేమ ఒక్కటే కాపలా కాసే రహస్యం అందరి మనసులూ కుదిరిన ఏ సాయంత్రమైనా విప్పి చెప్పేయగలిగినట్టు ఉంటుంది. దాని కింద అర ఎకరమైనా భూమి ఉంటే అది నిలబడుతుంది. అందుకే విశాలాక్షి భర్తకు స్వార్జితంగా నాలుగెకరాల మాగాణి ఇచ్చాను. కడుపులో ఉన్న బిడ్డ దక్కలేదంటే ఆ నాలుగెకరాల్లో ఒక వాటా తగ్గుతుంది. ఆ తగ్గుదల వల్ల లాభపడే మనిషి ఒకడు అత్తవారి ఊళ్ళో ఉన్నాడు. ఆ సంగతి నాయనమ్మకు తెలుసు, తెలిసే ఊరుకుంది. ఇప్పుడు ఆమె మౌనంలో దయతోపాటు ఇంకొకటి కూడా ఉంది.

జాబితా పక్కన ఇంకో వరుస గీసి, ఎవరికి ఎప్పటినుంచి తెలుసో రాయండి. పట్నం కథల్లో ఒకరిద్దరికే తెలిసిన రహస్యాలు కుదురుతాయేమో గాని, పల్లెటూళ్ళో పురుడు పోసిన మంత్రసానికీ చాకలికీ ఎదురింటివారికీ తెలియకుండా ఒక బిడ్డ చేతులు మారడం జరగదు. వీధి వీధంతటికీ తెలుసు, ఆ పిల్లకు తప్ప. వీధిలోవాళ్ళంతా కలిసి ఒక పిల్ల దగ్గర పాటించే మర్యాద అది. ఇలా అనుకున్న తరువాత మీ కథలో ఒక కొత్త మనిషికి చోటు దొరుకుతుంది. ఊరికి కొత్తగా వచ్చిన, ఏమీ తెలియని, నోటికి వచ్చింది అనేసే మనిషి.

రెండో అడుగు: పిలుపుల పట్టిక గీయండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టవలసిన అడుగు ఇది. తెల్లకాగితం మీద పాత్రలన్నిటినీ అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రాయండి. ప్రతి గడిలోనూ ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో రాయండి. తరువాత అదే పట్టికను, రహస్యం లేకపోయి ఉంటే ఏమని పిలిచేవారో ఆలోచించి మళ్ళీ రాయండి. రెండు పట్టికలకూ తేడా వచ్చిన గడులన్నీ మీ కథలో సన్నివేశాలు కాగలవు.

తెలుగు చుట్టరికాల్లో పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్నుల పిల్లలు అన్నాచెల్లెళ్ళు, అక్కాతమ్ముళ్ళు అవుతారు. మేనమామ, మేనత్తల పిల్లలు బావామరదళ్ళు అవుతారు. మేనరికాలు మామూలుగా జరిగే ఇళ్ళలో మొదటి పిలుపు పెళ్ళికి దారి మూస్తుంది, రెండో పిలుపు తెరుస్తుంది. ఈ సంగతి మనకు ఎంత అలవాటంటే దాన్ని కథకు పనిముట్టుగా వాడుకోవచ్చని గుర్తే రాదు. సుజాతకు మూర్తి మేనత్త కొడుకు. లోకం లెక్కలో అతడు ఆమెకు బావ. అసలు లెక్కలో తోడబుట్టిన అన్న. ఈ ఒక్క గడిలోనే కథ సగం ఉంది.

నాయనమ్మ ఏం చేస్తుంది? పిల్ల నోట 'బావ' అన్న మాట రానివ్వదు. సుజాతకు మాటలు వచ్చినప్పటినుంచి మూర్తిని 'అన్నయ్యా' అనే పిలిపించింది. సుజాతకు అది వింతగా తోచదు, ఎందుకంటే తనకు తెలిసింది అదొక్కటే. బళ్ళో పక్కన కూర్చునే పిల్ల తన మేనత్త కొడుకుని బావ అంటుందని తెలిసిన రోజున మాత్రం ఒక చిన్న ముల్లు గుచ్చుకుంటుంది. ఇక కొత్త మనిషి. బడికి బదిలీ మీద వచ్చిన మాస్టారి భార్య వీళ్ళ ఇంట్లోనే ఒక వాటా అద్దెకు తీసుకుంది. ఒక మధ్యాహ్నం అరుగు మీద ఆడవాళ్ళు నలుగురూ చేరి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉండగా మూర్తి బస్సు దిగి వస్తాడు.

"ఏమే సుజాతా, మీ బావ వచ్చాడు, సిగ్గు పడవేమే?" అంటుంది మాస్టారి భార్య నవ్వుతూ.

ఎవరూ నవ్వరు. చిక్కుడుకాయల ఈనెలు తీసే చేతులు ఆగవు, మాటలు మాత్రం ఆగుతాయి. నాయనమ్మ చేటను దగ్గరికి లాక్కుని, "దానికి అన్నయ్య వాడు. అన్నయ్యకి మంచినీళ్ళు పట్టుకురాపో" అంటుంది. మాస్టారి భార్య ఒకరి తరువాత ఒకరి ముఖంలోకి చూసి, చివరికి తన ఒళ్ళోని కాయల్లోకి చూసుకుంటుంది.

ఈ సన్నివేశంలో ఎవరూ ఏమీ దాచినట్టు కనిపించరు. పిల్లకు తెలిసింది, నలుగురు ఆడవాళ్ళు ఒక వేళాకోళానికి నవ్వలేదన్నది మాత్రమే. తెలుగు పాఠకుడికి తెలిసింది అంతకన్నా చాలా ఎక్కువ. పిల్లకూ పాఠకుడికీ మధ్య ఉండే ఈ దూరమే బాల్యం మీద రాసే కథను నడిపిస్తుంది. ఆ దూరాన్ని సృష్టించడానికి ఒక్క పిలుపు చాలింది.

పట్టిక రాసేటప్పుడు మీ కథ జరిగే ఇంటి పిలుపులే రాయండి, పుస్తకాల్లోవి కాదు. అవ్వ అంటే రాయలసీమలో నాయనమ్మో అమ్మమ్మో అవుతుంది, తెలంగాణలో చాలా ఇళ్ళలో కన్నతల్లి. తండ్రిని నాన్న అనే ఇల్లు వేరు, బాపు అనే ఇల్లు వేరు, నాయన అనే ఇల్లు వేరు. మేనరికాలు లేని కుటుంబాల్లో ఈ బావ అనే గడికి ఇంత బరువు ఉండదు, అక్కడ వేరే గడిని వెతుక్కోవాలి. ఒక పిలుపు తప్పుగా పడితే ఆ ప్రాంతపు పాఠకుడు కథలోంచి లేచి వెళ్ళిపోతాడు, మళ్ళీ పిలిచినా రాడు.

మూడో అడుగు: తేదీలూ చట్టమూ సరిచూసుకోండి

రహస్యం పుట్టిన ఏడాదికి ఏ చట్టం అమల్లో ఉందో చూడకుండా రాస్తే కథ మధ్యలో కూలుతుంది. విశాలాక్షి భర్త 1967లో పోయాడు కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకుండా పోయిన మనిషి సొంత ఆస్తిలో భార్యకూ కొడుకుకూ కూతురికీ సమాన వాటా ఉంటుంది. ఆ చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం, తండ్రి పోయేనాటికి కడుపులో ఉండి ఆ తరువాత ప్రాణంతో పుట్టిన బిడ్డకు కూడా, అప్పటికే పుట్టి ఉన్న బిడ్డకు ఉండే హక్కే ఉంటుంది. 'బిడ్డ దక్కలేదు' అన్న కబురుకు ఇంత విలువ ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఈ సెక్షన్ సంగతి కథలో ఎక్కడా రాదు, రాకూడదు. కాని రచయితకు తెలిసి ఉంటే, ఆ కబురు మోసుకువెళ్ళిన మనిషి చెప్పులు విప్పే తీరు కూడా వేరుగా వస్తుంది.

1956లోనే వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టం వల్ల ఆడపిల్లను దత్తత తీసుకోవడానికి స్పష్టమైన వీలు కలిగింది. దత్తత వెళ్ళిన బిడ్డ, పుట్టిన ఇంట్లోనే ఉండి ఉంటే ఎవరిని పెళ్ళాడకూడదో వారిని దత్తత తరువాత కూడా పెళ్ళాడకూడదని ఆ చట్టం చెబుతుంది. నాయనమ్మ ఈ చట్టం చదవలేదు, చదవనక్కరలేదు. 'బావ' అన్న మాటను ఆమె ఆపడం వెనక ఉన్నదీ ఆ భయమే. సుజాత విషయంలో దత్తత కాగితమంటూ ఏదీ లేదు. బళ్ళో వేసేటప్పుడు తండ్రి పేరు సుబ్బారావు అని రాయించారు, అంతే. ఆ కాలంలో పుట్టినరోజు సరిగా తెలియని పిల్లలకు మాస్టారు తోచిన తేదీ వేసేవారు. జూలై 1న పుట్టిన పెద్దవాళ్ళు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో గమనించండి. అటువంటి కల్పిత తేదీ రహస్యం ఉన్న ఇంటికి ఎంత అనుకూలమో వేరే చెప్పనక్కరలేదు.

చరిత్రలో పెద్ద సంఘటన ఏదైనా మీ కాలంలోకి వస్తే దాన్ని అలంకారంగా తగిలించకుండా ఏదో ఒక పని చేయించండి. నేను 1977ను ఎంచుకోవడానికి కారణం ఆ ఏడాది నవంబరు 19న వచ్చిన తుఫాను. దివిసీమను ఉప్పెన ముంచింది, వేలమంది పోయారు. సుజాత ఊరు సముద్రానికి దూరం, అక్కడికి నీళ్ళు రాలేదు, గాలి మాత్రం పైకప్పు ఎత్తేసింది. కప్పు లేచిపోతే అటక తడుస్తుంది. ఈ సంగతి ఏడో అడుగులో అక్కరకు వస్తుంది.

నాలుగో అడుగు: పిల్ల చూసింది, విన్నది, ఊహించింది వేరు చేయండి

తెలుగులో 'అట' అనే చిన్న ముక్క ఉంది. 'వెళ్ళిపోయింది' అంటే చూసినట్టు, 'వెళ్ళిపోయిందట' అంటే ఎవరో చెప్పగా విన్నట్టు. ఈ భేదాన్ని క్రియ చివరనే పెట్టగలిగిన భాషలో రాస్తూ, 'అని నాకు ఎవరో చెప్పగా తెలిసింది' అని వాక్యాలు సాగదీయడం అన్యాయం. చిత్తుప్రతి పూర్తయ్యాక పిల్ల దృష్టిలోంచి రాసిన ప్రతి వాక్యాన్నీ చూసి, అది కన్నదా విన్నదా తేల్చుకోండి. విన్నదైతే 'అట' పడాలి. సుజాత అంటుంది: "మామయ్య పాము కరిచి పోయాడట. అప్పటికి నేనింకా పుట్టలేదట." రెండో వాక్యం ఆమెకు చెప్పినవాళ్ళెవరో, అంత అవసరంగా ఎందుకు చెప్పారో పాఠకుడు ఆలోచిస్తాడు. పిల్ల ఆలోచించదు.

తొమ్మిదేళ్ళ పిల్లకు రాని మాటలు పిల్ల నోట పెట్టకండి. ఈ జాగ్రత్త అందరికీ తెలిసిందే కాబట్టి దాని మీద ఎక్కువ చెప్పను. అంతగా గమనించని పొరపాటు ఇంకొకటి ఉంది. పిల్లను మరీ అమాయకురాలిగా చేయడం. ఆ వయసు పిల్లలకు డబ్బు సంగతి తెలుస్తుంది, ఎవరి మీద ఎవరికి కోపమో తెలుస్తుంది, ఏ ప్రశ్న అడిగితే దెబ్బ పడుతుందో బాగా తెలుస్తుంది. తెలియనిదల్లా ఇవన్నీ కలిపే దారం.

పెద్దయ్యాక వెనక్కి చూసి చెప్పే కథకుడు ఉండాలా, అప్పటి పిల్లే చెప్పాలా అన్న ప్రశ్న కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పెద్ద సుజాత చెబితే విశాలాక్షికి న్యాయం చేయవచ్చు, కాని 'ఆనాడు నాకు తెలియదు' అన్న వాక్యం పేజీకొకసారి దూరుతుంది. ఆ వాక్యాన్ని కథ మొత్తంలో ఒక్కసారికి మించి వాడకూడదని నియమం పెట్టుకోండి. నేనైతే పిల్లకు దగ్గరగా నడిచే ప్రథమ పురుషలో, అంటే 'సుజాత చూసింది' అన్న పద్ధతిలో రాస్తాను. అప్పుడు ఏ మాట పిల్లది, ఏ మాట రచయితది అన్న సరిహద్దు నా చేతిలో ఉంటుంది.

అయిదో అడుగు: చాటుగా విన్న మాటలో 'అది'ని నడిపించండి

తలుపు చాటునుంచి పిల్ల వినే సంభాషణ ఇటువంటి కథల్లో తప్పనిసరిగా వస్తుంది, తప్పనిసరిగా పాడవుతుంది. పెద్దవాళ్ళు తమకు తెలిసిన విషయాన్నే పాఠకుడి కోసం ఒకరికొకరు వివరించుకుంటారు. "పదేళ్ళ కిందట నీ బిడ్డను నీ అన్నకు ఇచ్చావు కదా" అని ఏ తల్లీ ఏ కూతురితోనూ అనదు. నిజం మాటల్లో సగం మింగేస్తారు. తెలుగు వాక్యానికి కర్త లేకపోయినా నష్టం లేదు కాబట్టి ఇంకా ఎక్కువ మింగుతారు.

పైగా మన భాషలో ఆడమనిషికీ పశువుకీ వస్తువుకీ ఒకటే 'అది', ఒకటే 'వచ్చింది'. దీన్ని ఎలా వాడుకోవచ్చో చూడండి. పోయిన వేసవిలో విశాలాక్షి తన ఇంటి ఆవుకు పుట్టిన పెయ్యను అన్నకు ఇచ్చింది. సుజాతకు ఆ పెయ్య అంటే ప్రాణం. దీపావళికి వచ్చిన విశాలాక్షి రాత్రి పూట దొడ్లో తల్లితో మాట్లాడుతూ ఉంటుంది. సుజాత వంటింటి కిటికీ దగ్గర నిలబడి వింటుంది.

"నాతో తీసుకుపోతానమ్మా."

"ఇచ్చినప్పుడు ఇచ్చావు. ఇప్పుడు తీసుకుపోతానంటే ఎలాగే? అది ఇక్కడ అలవాటు పడిపోయింది."

"నన్ను చూస్తే దగ్గరికి వస్తుంది."

"వస్తుంది. నువ్వు వెళ్ళగానే మరిచిపోతుంది. ఆ అలవాటు చెడగొట్టకు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. విశాలాక్షి ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక సుజాత కొట్టంలోకి వెళ్ళి, పెయ్య పలుపుకు ఇంకో ముడి వేసి వచ్చింది.

నాలుగు మాటల్లో ఒక్క అబద్ధం లేదు, ఒక్క పేరు లేదు. పిల్ల తప్పుగా అర్థం చేసుకుంది, కాని ఆ తప్పు న్యాయమైనది. వినేవాళ్ళెవరైనా అలాగే అనుకుంటారు. చాటుగా విన్న సంభాషణ రాసినప్పుడల్లా ఈ రెండు ప్రశ్నలూ వేసుకోండి. పిల్లకు తట్టిన అర్థం పొల్లుపోకుండా సరిపోయిందా? అసలు అర్థం కూడా అంతే సరిగ్గా సరిపోయిందా? ఒక్క మాట ఒకవైపుకే మొగ్గినా మార్చండి. మొదట నేను "పెంచినవాళ్ళకు కష్టంగా ఉంటుంది" అని ఒక వాక్యం రాసి, పెయ్యకు కూడా సరిపోతుంది కదా అనుకుని మురిసిపోయాను. మళ్ళీ చదివితే అది బిడ్డవైపే మొగ్గుతున్నది. తీసేశాను.

'మనం', 'మేము' అన్న భేదం కూడా ఇటువంటిదే. ప్రయాణం రోజున విశాలాక్షి పిల్లలిద్దరినీ చూస్తూ "ఇక మనం బయల్దేరదాం" అంటుంది. మూర్తి లేస్తాడు. సుజాత కూడా లేస్తుంది. కమల ఆమె భుజం మీద చెయ్యి వేసి, "వాళ్ళు వెళ్తారమ్మా, నువ్వు కూర్చో" అంటుంది. ఇంతకు మించి రాయకండి.

ఆరో అడుగు: ప్రతి ఆధారానికీ ఇంకో సాకు కల్పించండి

ముందుగా నాటే ఆధారం ఆధారంలా కనిపించకూడదు. అక్కడ ఉండడానికి దానికి మరో మామూలు కారణం ఉండాలి. దీపావళి వెళ్ళిన రెండో రోజు యమద్వితీయ. ఆ రోజు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ చేతి భోజనం చేస్తారు, భగినీ హస్త భోజనం అంటాం. సుబ్బారావు చెల్లెలి చేతి వంట తినాలి కాబట్టి విశాలాక్షి పుట్టింట్లోనే ఉండి వండుతుంది. ఆమె రాకకూ ఆ పూట వంటకూ తిరుగులేని సాకు దొరికింది. రెండు ఆకులు వేస్తారు, సుబ్బారావుకు ఒకటి, మూర్తికి ఒకటి. నాయనమ్మ నేతి గిన్నె సుజాత చేతికిచ్చి, "అన్నయ్యకు నువ్వు వడ్డించు" అంటుంది. పిల్ల సంతోషంగా వడ్డిస్తుంది, పెద్దవాళ్ళలా తననూ పనిలోకి తీసుకున్నారని. నెయ్యి కాస్త ఒలుకుతుంది. విశాలాక్షి ఒలికిన నేతిని తుడవడానికి వంగి, అవసరమైనదానికన్నా ఎక్కువసేపు వంగే ఉంటుంది.

ఈ పండుగ సంగతి తెలిసిన పాఠకుడు ఇక్కడ ఆగుతాడు. తెలియని పాఠకుడు ముందుకు పోతాడు, అతనికీ నష్టం లేదు. సన్నివేశం కింద వివరణ ఇవ్వాలన్న కోరిక బలంగా కలుగుతుంది, చంపుకోండి.

ఏడో అడుగు: కాగితాలను ఆలస్యంగా, తక్కువగా వాడండి

కాగితాలను పూర్తిగా మానేయమని నేను చెప్పడం లేదు. మన ఇళ్ళలో మాట్లాడే కాగితాలు చాలానే ఉన్నాయి. పాత శుభలేఖలో 'మా తృతీయ పుత్రిక' అని ఉండి, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల సంగతే తెలిసి ఉంటే ఆ ఒక్క అంకె నవలకు చాలు. అడంగల్లోనో పహాణీలోనో సాగుదారు పేరు మారిన ఏడాది, రిజిస్ట్రారు ఆఫీసు ఈసీలో, అంటే ఒక ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రంలో కనబడే అమ్మకం, గయలో పండాల, అంటే తీర్థ పురోహితుల దగ్గరి వంశావళి పుస్తకాలు, ఇవన్నీ పనికొచ్చేవే. పాఠకుడు అప్పటికే ఊహించినదాన్ని పిల్లకు అందించడానికి మాత్రమే వీటిని వాడండి. పాఠకుడికి మొదటి కబురు కాగితం ద్వారా అందితే వెనక రాసినదంతా కాగితం కోసం ఎదురుచూపుగా మిగిలిపోతుంది.

దీపావళి వెళ్ళి పది రోజులు కాకముందే తుఫాను వచ్చింది. కప్పు లేచిపోయిన ఇంట్లో తడిసిన పెట్టెలు బయటికి వచ్చాయి. మూడో రోజు ఎండ కాసినప్పుడు నాయనమ్మ పెట్టెలోని కాగితాలను నులకమంచం మీద ఒక్కొక్కటిగా పరిచి, ఎగిరిపోకుండా గులకరాళ్ళు పెట్టే పని సుజాతకు పడింది. వాటిలో మనియార్డరు కూపన్లు పాతిక దాకా ఉన్నాయి. ముప్పై రూపాయలు, ముప్పై రూపాయలు, ఒకసారి నలభై. కింద సిరా పాకిపోయిన అక్షరాలు: 'గౌను గుడ్డకు', 'జ్వరం తగ్గిందని రాయించు', 'పలక కొనండి'. కూడబలుక్కుని చదువుతూ సుజాత ఒక కూపన్ దగ్గర ఆగింది. ఆ పలక తనది.

ఇటువంటి వస్తువుల పనితీరు తప్పులేకుండా తెలుసుకోండి. ఇదే సన్నివేశాన్ని మొదట రాసినప్పుడు నాయనమ్మ పెట్టెలో మనియార్డరు రసీదులు పెట్టాను. పోస్టాఫీసులో పని చేసిన ఒక పెద్దాయన చదివి, ఆ రోజుల్లో రసీదూ ముట్టినట్టు సంతకం పడిన చీటీ పంపినవారి దగ్గరే ఉండేవని, అందుకున్నవారికి మిగిలేది సందేశం రాసే కూపన్ ఒక్కటేనని చెప్పారు. దిద్దిన తరువాత కథకు మేలే జరిగింది. రసీదు మీద సందేశం ఉండేది కాదు, కూపన్ మీద చేతిరాత ఉండేది.

సొంత ఇంటి విషయమైతే

మీరు రాసేది మీ ఇంట్లోనే జరిగినదైతే రెండో ప్రతి మొదలుపెట్టకముందే ఆగి, బతికి ఉన్నవారిలో ఎవరికి ఈ విషయం ఇంకా తెలియదో చూసుకోండి. మీ కథ చదివి తన పుట్టుక సంగతి తెలుసుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. తెలిసినవారి సంగతి వేరు. వారితో ముందే మాట్లాడండి, అనుమతి కోసం కాకపోయినా మర్యాద కోసం. పేర్లూ ఊళ్ళూ మారిస్తే సరిపోతుందని అనుకోకండి. చాలా ఏళ్ళ కిందట నేను రాసిన ఒక కథలో అన్నీ మార్చాను, మా బంధువు ఒకావిడ మాటిమాటికీ అనే ఊతపదాన్ని మాత్రం బాగుందని అలాగే ఉంచాను. ఆ ఊతపదం దగ్గర ఆవిడ తనను తాను గుర్తుపట్టింది. మూడు నెలలు మా గుమ్మం తొక్కలేదు. తప్పు నాదే.

ఎనిమిదో అడుగు: రెండుసార్లు తిరగరాయండి, వేర్వేరు పాఠకులుగా

మొదటిసారి ఏమీ తెలియని పాఠకుడిగా చదవండి. రహస్యం మీద ఎక్కడ అనుమానం వచ్చిందో, ఎక్కడ ఖాయమైందో పక్కన గీత పెట్టండి. ఈ రెండు గీతలకూ మధ్య కథలో కనీసం మూడోవంతు ఉండాలని నా లెక్క. దగ్గర దగ్గరగా ఉంటే మీరు పొడుపుకథ రాశారన్నమాట. పాఠకుడికి అనుమానం వచ్చిన తరువాత, పిల్లకు ఇంకా తెలియని ఆ నడిమి భాగంలోనే ప్రేమా బెంగా పనిచేస్తాయి.

రెండోసారి, నిజం తెలిసి పదేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్న మనిషిగా, నాయనమ్మగా చదవండి. ఆమె ముందు జరిగిన ప్రతి సంఘటనలోనూ ఆమె ఏదో ఒకటి చేసి ఉండాలి, కనీసం చేటను దగ్గరికి లాక్కుని ఉండాలి. ఆమె నిజం మరిచిపోయినట్టు ప్రవర్తించిన చోటల్లా సన్నివేశం అబద్ధం. ఈ చదువులో నా చిత్తుప్రతుల్లో ఎప్పుడూ రెండు మూడు పేజీలు పోతాయి, కొత్తగా నాలుగైదు వాక్యాలు వస్తాయి.

తొమ్మిదో అడుగు: ముగింపును అన్నిటికన్నా చివర రాయండి

తిరగరాత అయ్యేదాకా ఆఖరి సన్నివేశం రాయవద్దని చెప్పడానికి కారణం ఉంది. నిజం బయటపడే చోట ఎవరో ఒకరు కూర్చుని కథంతా చెప్పడం పాఠకుడికి అక్కరలేదు, అతనికి ఎప్పుడో తెలుసు. అతను చూడాలనుకునేది పిల్లకు తెలిసిందా, తెలిసి ఏం చేసింది అన్నదే. ఆ పనిని ఒక్క మాటతో చేయించాలంటే ఆ మాటను వెనక కథ పొడవునా సిద్ధం చేసి ఉండాలి. అందుకని మళ్ళీ పిలుపుల పట్టిక తీయండి. సుజాత అమ్మనూ నాయనమ్మనూ 'నువ్వు' అంటుంది. అప్పుడప్పుడూ వచ్చే అత్తయ్యను మాత్రం 'మీరు' అనాలని ఇంట్లో నేర్పారు. విశాలాక్షితో సుజాత మాట్లాడే ప్రతి చోటికీ వెళ్ళి, 'రండి', 'తినండి', 'ఎప్పుడొస్తారు' అని పడిందో లేదో చూడండి. ఒక్క చోట పొరపాటున 'రా' అని పడినా ముగింపు పోతుంది.

తుఫాను సంగతి తెలిసి విశాలాక్షి ఆదరాబాదరాగా వస్తుంది. రోడ్ల మీద చెట్లు పడి ఉన్నాయి, బస్సులు లేవు, ఆఖరి ఆరేడు మైళ్ళు నడిచి వచ్చింది. అందరూ బాగానే ఉన్నారని చూసుకుని రెండు రోజుల తరువాత మళ్ళీ బయల్దేరుతుంది. మంచం మీద కాగితాలు ఆరిపోయాయి, నాయనమ్మ వాటిని పెట్టెలో సర్దేసింది, పలక సంగతి సుజాత ఎవరినీ అడగలేదు. విశాలాక్షి సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దిగుతుంది. వీధి మలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి పిల్ల పరుగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు. సుజాత చేతిలో పెయ్య పలుపు ఉంది, పెయ్య వెనకే వస్తున్నది. ఆ పలుపును ఆమె చేతిలో పెట్టి ఆయాసపడుతూ అంటుంది:

"దీన్ని తీసుకుపో."